కిలిమంజారో నడకకు మీరిచ్చే ఐదు వేలు ఎక్కడికి వెళ్తాయి?

లండన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మేనకోడలు వాట్సాప్‌లో ఒక లింకు పంపుతుంది. "రొమ్ము క్యాన్సర్ మీద అవగాహన కోసం కిలిమంజారో ఎక్కుతున్నా మామయ్యా, నీకు తోచినంత వెయ్యి" అని కింద ఒక ముక్క. నొక్కితే ఆమె నవ్వుతున్న ఫొటో, సగం దాకా నిండిన ఆకుపచ్చ గీత, పక్కనే లక్ష్యం 5,000 పౌండ్లు అని కనిపిస్తాయి. పౌండుకు 110 రూపాయల చొప్పున వేసుకున్నా అయిదున్నర లక్షలు. మంచి పనే కదా, ఓ ఐదు వేలు పంపుదామనుకుంటాం. అంతలోనే ఒక అనుమానం తొలుస్తుంది. ఇంతకీ ఆ పిల్ల విమానం టికెట్టు ఎవరి డబ్బుతో కొంటున్నట్టు?

అడగాలంటే మొహమాటం. అయినవాళ్ళ పిల్ల, పైగా క్యాన్సర్ మాట. కానీ ఇది అడగదగ్గ ప్రశ్నే, దానికి దాపరికం లేని జవాబు కూడా ఉంది.

తిరుపతి మొక్కు కోసం పసుపు బట్ట కట్టి జోలె పట్టేవాళ్ళను మీరు చూసే ఉంటారు. కొందరు జోలెలో పడిన డబ్బుతోనే దారి ఖర్చులు గడుపుకుని, మిగిలింది హుండీలో వేస్తారు. ఇంకొందరు బస్సు చార్జీ సొంతంగా పెట్టుకుని, జోలెలో పడిందంతా స్వామికే సమర్పిస్తారు. విదేశాల్లో సేవాసంస్థల కోసం చేసే నడకలూ ఈ రెండు రకాలే.

మొదటి రకాన్ని 'మినిమమ్ స్పాన్సర్‌షిప్' అంటారు. అంటే నడిచేవాళ్ళు తప్పనిసరిగా పోగుచేసి ఇవ్వాల్సిన కనీస మొత్తం. పేరు నమోదుకు ఒక చిన్న మొత్తం సొంత జేబులోంచి కడతారు, అది తిరిగి రాదు. ఆ తర్వాత ప్రయాణ ఖర్చంతా సేవాసంస్థే భరిస్తుంది. అయితే సంస్థ ఆ ఖర్చు పెట్టేది మనం ఇచ్చిన విరాళాల్లోంచే. రెండో రకం 'సెల్ఫ్ ఫండెడ్'. ప్రయాణ ఖర్చు మొత్తం నడిచేవాళ్ళదే, విరాళం మొత్తం సంస్థకే.

మొదటి రకానికి ఒక నమూనా లెక్క వేసి చూద్దాం. అంకెలు అర్థం కావడానికి నేను అనుకున్నవి, ఏ ఒక్క సంస్థవీ కావు. మేనకోడలు నమోదుకు 400 పౌండ్లు, అంటే 44 వేల రూపాయలు కట్టింది. ఇది ఆమె సొంతం. పోగుచేయాల్సింది 5,000 పౌండ్లు. అందులో విమానం, గైడు, గుడారం, భోజనం అన్నీ కలిపి 2,400 పౌండ్లు ప్రయాణ కంపెనీకి వెళ్తాయి. మిగిలిన 2,600 సంస్థకు చేరతాయి. మీరిచ్చిన ఐదు వేల రూపాయలను ఇదే నిష్పత్తిలో పంచితే 2,400 నడకకు, 2,600 క్యాన్సర్ పనికి. సగానికి కాస్త పైన. ప్రయాణ ఖర్చును కనీస మొత్తంలో సగం దాటనివ్వకూడదన్నది చాలా సంస్థలు పాటించే హద్దు కాబట్టి, ఈ నమూనా వాస్తవానికి మరీ దూరమేమీ కాదు.

సగమా! అని మీరు ఉలిక్కిపడవచ్చు. కొంచెం ఆగండి. ప్రయాణ ఖర్చు ఎప్పుడూ ఒకటే, విరాళం మాత్రం పెరుగుతుంది. మేనకోడలు గట్టిగా తిరిగి 8,000 పౌండ్లు పోగుచేసిందనుకోండి. అప్పుడూ టికెట్టూ గుడారమూ 2,400 పౌండ్లే. మీ ఐదు వేలలో నడకకు పోయేది 1,500 రూపాయలకు తగ్గుతుంది, 3,500 సంస్థకు చేరతాయి. అందుకే ఏ పేజీ చూసినా లక్ష్యం ఎంత అన్న దానికంటే, కనీస మొత్తం ఎంత, అది దాటిందా లేదా అన్నదే ముఖ్యం. దాటాక పడే ప్రతి రూపాయీ నేరుగా సంస్థకే.

దాటకముందు పడే రూపాయి సంగతి మరీ ఆసక్తికరం. కనీస మొత్తానికి తక్కువైతే ఆ లోటును నడిచేవాళ్ళే పూడ్చుకునే పద్ధతి చాలాచోట్ల ఉంది. అలాంటప్పుడు మీ ఐదు వేలు ఒక రకంగా మేనకోడలి జేబుకు ఊరట. అది తప్పని అనను. మనింటి పిల్ల మొదటిసారి ఒక మంచి పనికి పూనుకుంటే ఆ మాత్రం ఆసరా ఇవ్వవచ్చు. కాకపోతే ఇస్తున్నది ఎవరికో తెలిసి ఇవ్వాలి.

ఒక కొండ ఎక్కడానికి అంత ఖర్చా అన్నది తరువాతి సందేహం. కిలిమంజారో ఎత్తు 5,895 మీటర్లు, ఆఫ్రికాలో దీన్ని మించిన శిఖరం లేదు. 2014లో పదమూడేళ్ళకే ఎవరెస్టు ఎక్కిన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ 2016లో ఎక్కింది ఈ కొండే. ఇది జాతీయ పార్కు కాబట్టి గేటు దాటినప్పటి నుంచి మీటరు తిరుగుతూనే ఉంటుంది. విదేశీయులకు రోజుకు 70 డాలర్ల సంరక్షణ రుసుము, గుడారం వేసుకున్న ప్రతి రాత్రికి 50 డాలర్లు, ఆపదలో కిందికి దింపే ఏర్పాటుకు 20 డాలర్లు, వీటన్నిటి మీద 18 శాతం పన్ను. ఏడు పగళ్ళు, ఆరు రాత్రుల నడకకు 490, 300, 20 కలిపి 810 డాలర్లు. పన్నుతో 956. మన డబ్బులో 80 వేల రూపాయల పైమాటే. విమానం, తిండి, గైడు జీతం ఇంకా మొదలే కాలేదు.

తరువాత మనుషుల ఖర్చు. ఒక్కో యాత్రికుడి వెనక ముగ్గురు నలుగురు స్థానికులు నడుస్తారు. గుడారాలు, గ్యాస్ సిలిండర్, గిన్నెలు, నీళ్ళ డబ్బాలు అన్నీ నెత్తి మీదా వీపు మీదా మోసేది వాళ్ళే. గేటు దగ్గర కాటా ఉంటుంది, మోతగాళ్ళ మూటలను దాని మీద తూస్తారు. ఒక్కొక్కరి బరువు 20 కిలోలు మించకూడదన్నది నిబంధన. మరీ చవకగా తీసుకెళ్తామనే కంపెనీలు మిగుల్చుకునేది చాలాసార్లు ఈ మోతగాళ్ళ కూలి దగ్గరే. కాబట్టి ప్రయాణ ఖర్చు తక్కువ చూపించిన యాత్రే మంచి యాత్ర అనుకోకండి.

సరే, ఇదంతా ఎందుకు, ఆ ఐదు వేలూ నేరుగా క్యాన్సర్ సంస్థకే పంపేస్తే పోదా? లెక్క ప్రకారం మీ మాటే నిజం, నేరుగా పంపితే నడకకు ఒక్క రూపాయి కూడా పోదు. అయితే ఒక్కటి నిజాయితీగా చెప్పండి. ఆ లింకు రాకపోతే ఆ ఐదు వేలు పంపేవారా? నడకల బలమంతా ఇక్కడే ఉంది. తలా 50 పౌండ్లు ఇచ్చే వందమందిని ఒక సంస్థ ఎక్కడని వెతుక్కుంటుంది? మేనకోడలికైతే ఆఫీసులో, జిమ్‌లో, చదువుకున్న కాలేజీలో ఆ వందమందీ ఉన్నారు.

దీనికి ఒక మంచి దాఖలా ఉంది. 1996లో నీనా బరో అనే బ్రిటిష్ మహిళ మరో పన్నెండు మందిని వెంటబెట్టుకుని న్యూయార్క్ మారథాన్‌కు వెళ్ళింది. పరుగు కాదు, వడివడి నడక. అదీ అలంకరించిన బ్రాలు పైకి కనిపించేలా తొడుక్కుని. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకునే ఉంటారు. ఏ మాట నలుగురిలో ఎత్తడానికి జంకుతారో దాన్నే ఎత్తి చూపించాలన్నది వాళ్ళ పట్టుదల. ఆ పదమూడు మంది తెచ్చింది 25 వేల పౌండ్లు. కొద్దికాలానికే నీనాకూ రొమ్ము క్యాన్సర్ ఉందని తేలింది. ఆమె ఆగలేదు. అలా మొదలైన 'వాక్ ద వాక్' సంస్థ 1998 నుంచి లండన్‌లో 'మూన్‌వాక్' పేరిట అర్ధరాత్రి నడక నడిపిస్తోంది. ఇప్పటిదాకా పోగుచేసిన మొత్తం 13 కోట్ల పౌండ్లు దాటింది, అంటే 1,400 కోట్ల రూపాయలకు పైనే. ఆ మొదటి పదమూడు విమానం టికెట్ల ఖర్చును దీని పక్కన పెట్టి చూస్తే, నడక దండగ అనే వాదన నిలబడదు. అన్ని నడకలూ ఇలా విత్తనం కావు, అది వేరే విషయం.

ఇక పన్నుల సంగతి, క్లుప్తంగా. బ్రిటన్‌లో 'గిఫ్ట్ ఎయిడ్' అనే ఏర్పాటు ఉంది. అక్కడ ఆదాయపు పన్ను కట్టే మనిషి ఒక పౌండు విరాళమిస్తే, ఆ మనిషి కట్టిన పన్నులోంచి ప్రభుత్వం ఇంకో 25 పెన్నీలు సంస్థకు ఇస్తుంది. పేజీలో దానికి ఒక గడి ఉంటుంది. మీరు విజయవాడలోనో వరంగల్‌లోనో ఉండి అక్కడ పన్ను కట్టకపోతే ఆ గడిలో టిక్కు పెట్టకండి. పెడితే అది తప్పు ప్రకటన అవుతుంది. ఇంకో మెలిక ఉంది. విరాళాల్లోంచే ప్రయాణ ఖర్చు పోయే పద్ధతిలో నడిచే అమ్మాయి, ఆమె భర్త, తల్లిదండ్రులు, తోబుట్టువులు ఇచ్చిన సొమ్ముకు గిఫ్ట్ ఎయిడ్ సాధారణంగా వర్తించదు. కుటుంబానికి ప్రయాణం రూపంలో లాభం అందింది కదా అన్నది పన్నుశాఖ తర్కం. మేనమామలు, పెదనాన్న పిల్లలు, స్నేహితులు ఆ జాబితాలో లేరు. ఖర్చు ఆమే పెట్టుకుంటే ఈ ఇబ్బందే రాదు.

మన దగ్గరి 80జీ మినహాయింపు ఇలాంటి విదేశీ సంస్థకు ఇచ్చే విరాళానికి రాదు. కాబట్టి రసీదు దాచుకున్నా రిటర్న్‌లో పనికిరాదు.

దీనికి తిరగేసిన ప్రశ్న కూడా ఎన్నారై కుటుంబాల్లో తరచు వస్తుంది. "నేను అక్కడ నడిచి, పోగైన డబ్బు హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్న క్యాన్సర్ ఆసుపత్రికి ఇవ్వకూడదా?" ఇవ్వవచ్చు. హైదరాబాద్‌లో 2000లో మొదలైన బసవతారకం ఆసుపత్రి వెనక అమెరికాలోని మన డాక్టర్ల చేయూత ఉండనే ఉంది. కాకపోతే విదేశీ విరాళాల చట్టం, అంటే ఎఫ్‌సీఆర్ఏ, ఒక్కటి చూసుకోవాలి. ఆ చట్టం చూసేది ఇచ్చేవారి పౌరసత్వాన్ని, నివాసాన్ని కాదు. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత పొదుపులోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. బ్రిటన్ లేదా అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, వారికి ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. ఆఫీసులో తోటి ఇంగ్లిష్‌వాళ్ళు ఇచ్చినదీ అంతే. అలాంటి సొమ్మును తీసుకోవాలంటే ఇక్కడి సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ నమోదు ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో అందుకోసమే తెరిచిన ఖాతాలోకి రావాలి. ముందు ఇది కనుక్కుని, ఆ తర్వాత బూట్లు కొనుక్కోమనండి.

ఇప్పటిదాకా చూసింది మన ఐదు వేలలో సంస్థకు ఎంత చేరుతుందన్నది. చేరినదాంతో 'అవగాహన' పేరిట ఏం చేస్తారన్నది దానికంటే పెద్ద ప్రశ్న. గులాబీ రిబ్బన్లు, టీషర్టులు, బెలూన్లు కూడా అవగాహన ఖాతాలోకే వెళ్తాయి. వాటి వల్ల ప్రాణాలు నిలుస్తాయా?

మొదట రెండు దేశాల లెక్క చూడండి. బ్రిటన్‌లో ఏటా 55 వేలకు పైగా రొమ్ము క్యాన్సర్ కేసులు బయటపడతాయి, 11 వేలమందికి పైగా చనిపోతారు. సుమారు ఐదుగురికి ఒకరు. భారత్‌లో 2022 అంచనా ప్రకారం కొత్త కేసులు 1,92,020, మరణాలు 98,337. ఇద్దరికి ఒకరు. రోజు లెక్కన మన దేశంలో 526 మందికి జబ్బు బయటపడుతుంటే 269 మంది పోతున్నారు. ఆ ఏడు పోయినవాళ్ళు ఆ ఏడు బయటపడినవాళ్ళే కానక్కర్లేదు, రెండు దేశాల్లో వయసుల పొందికా ఒకటి కాదు. కాబట్టి ఇది ముతక కొలతే. అయినా ఐదుకీ రెండుకీ మధ్య ఉన్న దూరాన్ని ఆ తేడాలు కప్పెట్టలేవు.

ఆ దూరంలో పెద్ద వాటా ఆలస్యానిది. ఇంగ్లండ్ లెక్కల్లో మొదటి దశలో పట్టుబడిన వందమందిలో 98 మంది ఐదేళ్ళు దాటి బతుకుతున్నారు. నాలుగో దశలో అయితే పాతికమందికి కాస్త పైన. జబ్బు ఒక్కటే, తేడా ఎప్పుడు కనిపెట్టామన్నదే. అక్కడ యాభై ఏళ్ళు నిండినప్పటి నుంచి 71వ పుట్టినరోజు దాకా మూడేళ్ళకోసారి మామోగ్రామ్‌కు, అంటే రొమ్ము ఎక్స్‌రేకు, రమ్మని ప్రభుత్వమే ఉత్తరం రాస్తుంది. మన దగ్గర 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళను అడిగితే, ఎప్పుడో ఒకప్పుడు రొమ్ము పరీక్ష చేయించుకున్నామన్నవారు 0.9 శాతం. వెయ్యిమందిలో తొమ్మిదిమంది. మిగతా 991 మందికీ ఒక్కసారి కూడా రొమ్ము పరీక్ష జరగలేదు.

అంటే చెప్పి నేర్పితే చాలా? అక్కడే జాగ్రత్తపడాలి. చైనాలోని షాంఘైలో బట్టల మిల్లుల్లో పనిచేసే 2,66,064 మంది ఆడవాళ్ళ మీద ఒక పెద్ద ప్రయోగం జరిగింది. సగంమందికి తమ రొమ్ములను తామే తడిమి చూసుకోవడం ఓపికగా నేర్పారు, గుర్తుచేస్తూ వచ్చారు. మిగతా సగానికి నేర్పలేదు. 2002లో ఫలితం ప్రకటించారు. నేర్పినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ మరణాలు 135, నేర్పనివాళ్ళలో 131. తేడా లేదు. పైగా నేర్పినవాళ్ళలో ఎక్కువమందికి హాని లేని గడ్డలకు ముక్క తీసి పరీక్షించాల్సి వచ్చింది. భయం మిగిలింది, ఫలితం మిగల్లేదు.

ముంబై కథ వేరు. టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో అక్కడి బస్తీల్లో 1,51,538 మంది ఆడవాళ్ళతో ఒక పరిశోధన మొదలుపెట్టింది. సగం మందికి రెండేళ్ళకోసారి చొప్పున నాలుగు విడతలు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. మామోగ్రామ్ యంత్రం ఊసే లేదు. అనుమానం తగిలినవాళ్ళను ఆసుపత్రికి పంపారు. ఇరవై ఏళ్ళ తర్వాత 2021లో లెక్క తేలింది. పరీక్షలు జరిగిన వర్గంలో ముదిరిన దశలో దొరికిన కేసులు 37 శాతం, రెండో వర్గంలో 47 శాతం. యాభై దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభైకి లోపువారిలో మాత్రం మరణాల్లో అలాంటి తగ్గుదల కనిపించలేదు, అదీ చెప్పుకోవాలి.

ఈ రెంటినీ పక్కపక్కన పెడితే విరాళమిచ్చేవారికి ఒక కొలబద్ద దొరుకుతుంది. మాట దగ్గర ఆగిపోయే అవగాహన వేరు, పరీక్ష చేసే చేతి దాకా మనిషిని తీసుకెళ్ళే అవగాహన వేరు. మొదటిదానికి డబ్బు ఇవ్వడానికి నేను వెనకాడతాను. రెండోదానికి నడకలో సగం పోయినా ఇస్తాను.

బ్రిటన్‌లో ఈ పనికి ఇంకో కోణం ఉంది. క్రిస్ హాలెంగాకు 2009లో రొమ్ము క్యాన్సర్ నాలుగో దశలో బయటపడింది. అప్పటికామెకు 23 ఏళ్ళు. అంత చిన్న వయసులో మామోగ్రామ్ ఉత్తరం రాదు. అందుకే యువతులకు తమ ఒంట్లో మార్పు గమనించడం, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళడం అలవాటు చేయాలని 'కాపాఫీల్' అనే సంస్థ పెట్టింది. జియోవానా ఫ్లెచర్ అనే రచయిత్రి ముందుండి నడిపించిన దీర్ఘ నడకలు ఆ సంస్థకు నిధులు తెచ్చాయి. క్రిస్ 2024 మే నెలలో, 38 ఏళ్ళకు కన్నుమూసింది. నాలుగో దశతో పదిహేనేళ్ళు బతికి ఆ పని చేసింది. వీధి చివరే డాక్టరు ఉచితంగా చూసే దేశంలో "వెళ్ళి చూపించుకో" అన్న మాటకు బలం ఉంటుంది. డాక్టరు లేని ఊళ్ళో అదే మాట గాలిలో కలిసిపోతుంది.

ఇక లింకు తెరిచి డబ్బు వేసే ముందు ఏం చూడాలి? పేజీ అట్టడుగున చిన్న అక్షరాల్లో ప్రయాణ ఖర్చు ప్రస్తావన ఉంటుంది, దాన్ని చదవండి. విరాళంలో కొంత నడిచేవారి ఖర్చుకు పోతుందంటే ఆ సంగతి దాతకు చెప్పాలన్నది బ్రిటన్‌లో నిధుల సేకరణ నియమావళి. లేకపోతే ఫోన్ చేసి, "కనీస మొత్తం ఎంతమ్మా, ఖర్చు నీదేనా?" అని అడగండి. సంస్థ పేరు ఇంగ్లండ్, వేల్స్ చారిటీ కమిషన్ రిజిస్టర్‌లో వెతికితే ఏటేటా ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్నది ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. చివర్లో డబ్బు కట్టేచోట కొన్ని వెబ్‌సైట్లు తమకోసం ఒక 'టిప్' ముందే కలిపేసి ఉంచుతాయి. అది ఐచ్ఛికం. ఐదు వేలకు పది శాతం టిప్ అంటే 500 రూపాయలు, సున్నాకు జరిపినా విరాళం నిక్షేపంగా వెళ్తుంది.

ఖర్చు తానే పెట్టుకుంటున్నానని మేనకోడలు చెబితే ఐదు వేలూ ఇవ్వండి. విరాళాల్లోంచే పోతుందంటే, కనీస మొత్తం దాటేదాకా ఆగి ఇవ్వండి, లేదా సగం ఆమెకు, సగం మన జిల్లాలో రొమ్ము పరీక్షా శిబిరాలు నడిపే సంస్థకు పంచండి. డబ్బు పంపిన రోజునే ఇంట్లో ముప్పై దాటిన ఆడవాళ్ళను దగ్గర్లోని ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్‌కు తీసుకెళ్ళండి. నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ప్రాథమిక పరీక్ష చేయడం ప్రభుత్వ కార్యక్రమంలో భాగం. దానికి రూపాయి కట్టనక్కర్లేదు.